వరాఛా మేడలపై జ్యేష్ఠమాసం

జ్యేష్ఠమాసం మొక్కలు పెంచేవారికి గడ్డుకాలమని సాధారణంగా అనుకొంటారు. ఆ మాటలో అసత్యం లేదు. వైశాఖంలో విరగబూసిన మల్లె అలసిపోతుంది; బెండ, గోరుచిక్కుడు ముదిరి నారవారుతవి; ఉదయం ఎంత నీరు పోసినా మధ్యాహ్నానికి ఆకు తల వాలుస్తుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతవని మన పెద్దలు చెప్పిన మాటను గుజరాత్ రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఐనా ఇంటితోటల మీద నిజమైన మమకారం గలవారిని అడిగితే, ఏడాది మొత్తంలో తమకు మిక్కిలి ఇష్టమైన రోజులు ఇవేనని చెప్పేవారు తక్కువగా ఉండరు. కోసుకొనేందుకు ఏమీ లేనప్పుడే విత్తనాల మూటలు విప్పుతారు, మట్టి తిరగవేస్తారు, ఏ పాదులో ఏ తీగ పెట్టాలో ఇంటిల్లిపాదీ వాదించుకొంటారు. వాన ఇంకా రాలేదు గనుక ఎవరి తోటా ఇంకా చెడిపోలేదు.

ఈ గ్రీష్మాంతపు సుఖాన్ని పరిశీలించడానికి సూరత్ నగరంలోని వరాఛాను ఎన్నుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. వరాఛా పేరు వినగానే ఎవరికైనా గుర్తువచ్చేది వజ్రాలకు మెరుగుపెట్టే పని. అసలు ఈ పేరు రెండు పల్లెలది. తాపీ నదికి దక్షిణపు ఒడ్డున నానా వరాఛా, ఉత్తరపు ఒడ్డున మోటా వరాఛా. గుజరాతీలో నానా అంటే చిన్న, మోటా అంటే పెద్ద. నదికి అటూ ఇటూ నిలిచి ఒకే పేరును పంచుకొన్న ఈ రెండు పల్లెలూ నేడు నగరంలో కలిసిపోయినవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ నేల దాదాపు లేదు. పెరడు అనే మాటకు అర్థం లేకుండా పోయినది. మిగిలినది పైకప్పు మాత్రమే. గుజరాతీలు దానిని ధాబుం అనీ అగాశీ అనీ అంటారు. మన డాబాకు ఆ మొదటి మాట చుట్టమే. ఎండాకాలపు సాయంత్రం ఈ డాబాల మీద కనిపించే పచ్చదనం ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం కొన్ని శతాబ్దులు వెనుకకు పోవలసి ఉంటుంది.

సూరత్ చరిత్ర వ్రాసినవారు తోటలను మరువలేదు. ఐతే వారు వ్రాసినది పెద్దల తోటలను గురించి. 16వ శతాబ్ది ఆరంభంలో మలిక్ గోపీ అనే సంపన్నుడు ఊరికి తటాకం త్రవ్వించాడు. గోపీ తళావ్ అనే పేరుతో అది నేటికీ ఉన్నది. 1613లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ వర్తకశాల ఏర్పడినది. డచ్చివారు వెనువెంటనే, ఫ్రెంచివారు చాలాకాలం తర్వాత వచ్చారు. మక్కా యాత్రికుల ఓడలు బయలుదేరే రేవు ఇదే. ఆ రేవు ఆదాయాన్ని షాజహాను తన కుమార్తె జహనారా బేగంకు ఇచ్చాడు. 1666లో సూరత్‌కు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఊరివెలుపల రాకుమారి తోట ఒకటి ఉన్నదని వ్రాశాడు. అది ఔరంగజేబు సోదరిది. అంటే ఈ బేగంగారిదే. తోట నేడు లేదు. బేగంపురా, బేగంవాడీ అనే పేర్లు మాత్రం మిగిలినవి. వాటి నిండా బట్టల వ్యాపారం.

ఈ సందర్భంలో ఒక సమాధిని గురించి చెప్పకుండా ముందుకు పోవడం ధర్మం కాదు. హెండ్రిక్ వాన్ రీడ్ అనే డచ్చి అధికారి కొచ్చిలో పనిచేసిన కాలంలో మలబారు మొక్కలన్నిటినీ వ్రాయించి, బొమ్మలు గీయించి, ఒక మహాగ్రంథానికి పూనుకొన్నాడు. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణులు అతనికి విషయం అందించారు. హోర్టుస్ మలబారికుస్ అనే ఆ గ్రంథం 1678 నుండి 1693 వరకు 12 సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డాంలో వెలువడినది. చివరి సంపుటాన్ని అతడు చూడలేదు. 1691 డిసెంబరులో సూరత్‌కు ఓడలో వస్తూ దారిలోనే మరణించాడు. కతార్‌గామ్ దిక్కుగా ఉన్న డచ్చి శ్మశానంలో గొప్ప గుమ్మటం క్రింద అతనిని పూడ్చారు. మన దేశపు మొక్కలను ఐరోపాకు పరిచయం చేసిన మనిషి చిక్కుడుపాదుల ఊరికి పోయే దారిప్రక్కన నిద్రిస్తున్నాడు. మలబారు చిక్కుళ్ళకు కూడ చోటిచ్చిన గ్రంథం అది. ఈ ఊరి చిక్కుడును చూచే అవకాశం మాత్రం అతనికి దొరకలేదు.

పెద్దల తోటలు ఎందుకు నిలువలేదో చెప్పడం కష్టం కాదు. 1664లోను, 1670లోను శివాజీ సేనలు నగరాన్ని కొల్లగొట్టినవి. తర్వాత బొంబాయి పెరిగినకొద్దీ సూరత్ తరిగినది. 1837 ఏప్రిల్‌లో, సరిగా ఇటువంటి ఎండలలోనే, మహాగ్నిప్రమాదం జరిగి నగరం చాలవరకు బూడిద ఐనది. ఆ ఏడే తాపీ వరద వచ్చి మిగిలినదానిని ముంచినది. ధనంతో వచ్చిన తోట ధనంతోనే పోయినది. తోటమాలికి జీతం ఇచ్చే చేయి ఆగితే గులాబీ పాదు ఒక వేసవికి మించి బ్రతుకదు.

మరి నిలిచినది ఏది? ఇక్కడ చరిత్రకారుల శ్రద్ధ కొంత తక్కువగా ప్రసరించినది. నగరం చుట్టూ తాపీ ఒండ్రునేలలో కూరగాయలు, పువ్వులు పండించి రోజూ ఉదయం నగరానికి చేర్చిన పల్లెల వరుస ఒకటి ఉండేది: కతార్‌గామ్, ఫూల్‌పాడా, వరాఛా. ఫూల్‌పాడా పేరులోనే పువ్వు ఉన్నది. కతార్‌గామ్ పేరు చెప్పగానే సూరత్‌వారికి పాపడీ గుర్తువస్తుంది. పాపడీ అంటే మన చిక్కుడే. కాని సూరతీ పాపడీ అని ప్రత్యేకంగా అనే రకం చిన్నది, లేతది, నార తక్కువైనది. దానిని అందరూ కోరుతారు; అందులోను కతార్‌గామ్ నేలలో పండినదైతే మాట వేరని వృద్ధులు వాదిస్తారు. శీతకాలంలో ఈ పాపడీ, పెండలం, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు కలిపి ఊంధియుం అనే వంటకం చేస్తారు. ఊంధుం అంటే బోర్లించినది. కుండను మట్టిలో బోర్లించి పైన మంట పెట్టి వండే పల్లెపద్ధతినుండి ఆ పేరు వచ్చినది. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీలలో ఒక సామెత. సామెతలోని మొదటి సగానికి ఆధారం రాజుల వంటశాలలకంటె ఈ పల్లెల చిక్కుడుపాదులే అనడం అతిశయోక్తి కాదు.

మంచి పాపడీకి రహస్యం ఏమీ లేదు, ఒండ్రు తప్ప. ఒకప్పుడు వరద వచ్చినప్పుడల్లా నది ఆ ఒండ్రును ఉచితంగా పరచి పోయేది. 1860లో రైలుమార్గం వచ్చినది. బొంబాయి-బరోడా రైలు కంపెనీ వేసిన తొలి మార్గం అంక్లేశ్వర్ నుండి ఉత్రాణ్ వరకే. ఆ ఉత్రాణ్ మోటా వరాఛాకు ప్రక్క ఊరు. రైలు తాపీని దాటి సూరత్‌కు చేరి, క్రమంగా బొంబాయి వరకు సాగిన తర్వాత, పాపడీ బుట్టకు పెద్ద నగరపు దారి తెరచుకొన్నది. పల్లెలు ఇంకొక శతాబ్దం హాయిగా బ్రతికినవి.

మార్పు వేరొక దిక్కునుండి వచ్చినది. సౌరాష్ట్ర సూరత్‌వలె నీటివనరులు గల సీమ కాదు. అమ్రేలీ, భావ్‌నగర్ జిల్లాలలో వాన తక్కువ. ఆ తక్కువ వాన కూడ నమ్మదగినది కాదు. అక్కడి పటేల్ రైతు బావి త్రవ్వి, ఎద్దులతో తోలుబొక్కెన లాగించి, ఆ నీటితో చిన్న తోట పెంచుకొనేవాడు. బొక్కెనను వారు కోసు అంటారు. మన మోటయే అది. ఆ బావితోటకు వాడీ అని పేరు. సంస్కృతంలోని వాటికయే ఈ వాడీ. 1960ల తర్వాత ఆ సీమ యువకులు వజ్రాలపనికి సూరత్ చేరసాగారు. 1985 నుండి 1987 వరకు వరుసగా మూడేళ్ళు అనావృష్టి రాగా, బావులెండిన కుటుంబాలు బండెడు సామానుతో వచ్చి వరాఛాలో స్థిరపడినవి. పాపడీ పండిన పొలాలు సొసైటీలుగా, కార్ఖానాలుగా మారినవి. ఈ మార్పులో ఒక విచిత్రం గమనింపదగినది: మంచి నేలను విడువని రైతు పల్లెమీదికి, మంచి నేల కోసం జీవితమంతా అలమటించిన రైతే వచ్చి ఇల్లు కట్టాడు. తప్పు ఎవరిదని అడుగుట నిరర్థకం. పొలం యజమానికి మంచి ధర వచ్చినది. కరువునుండి వచ్చినవానికి నీడ దొరికినది. పోయినది ఒండ్రు.

మాటలకు కూడ ఈ నగరంలో విచిత్రమైన గతి పట్టినది. సూరత్‌లో నేడు వాడీ అంటే ముఖ్యంగా పెండ్లిండ్లు జరిగే సమాజ మందిరం. బావి, ఎద్దులు, వంకాయ మళ్ళు ఆ మాటలోనుండి జారిపోయి విస్తళ్ళు, సన్నాయి మిగిలినవి. అట్లే రైతు ఇంటి తిరుగలికి ఉన్న ఘంటీ అనే పేరు ఇక్కడ వజ్రానికి మెరుగుపెట్టే చక్రానికి వచ్చినది. తిరుగలి ముందు తల్లి కూర్చున్నట్లే చక్రం ముందు కొడుకు కూర్చున్నాడు. పిండికి బదులు వెలుగు రాలుతుందని చమత్కరించవచ్చు. కాని పది గంటలసేపు భూతద్దంలో ఆవగింజంత రాతి ముఖాలను చూచే కంటికి చమత్కారంతో విశ్రాంతి లభించదు. సాయంత్రం ఆ కన్ను ఆకుపచ్చను కోరుతుంది. డాబాతోటకు మూలం ఇక్కడ వెదకాలి. వాడీ అనే మాట మందిరానికి పోయినా, వాడీ చేసిన చేతుల అలవాటు మెట్లెక్కి పైకి వచ్చినది.

ఐతే జ్యేష్ఠమాసపు డాబా తోటదొక్కదానిదే కాదు. దానికి హక్కుదారులు చాలామంది. సౌరాష్ట్ర ఇల్లాలు ఏడాదికి సరిపడే గోధుమలు ఈ ఎండలోనే ఆరబెట్టి, ఆముదం రాచి, డబ్బాలకెత్తుతుంది. అప్పడాలు, వడియాలు ఈ ఎండకే. అన్నిటికంటె గౌరవస్థానం ఛుందోది. రాజాపురి అనే పెద్ద మామిడికాయను తురిమి, చక్కెర, ఉప్పు, కారం కలిపి, గిన్నెకు పలుచని బట్ట కట్టి, పాకం కుదిరేవరకు రోజుల తరబడి ఎండలో పెడతారు, పొయ్యి అంటించరు. మన ఆవకాయవలె ఇది కూడ ఇంటింటికీ ఒక రుచి, ఇంటింటికీ ఒక గర్వం. ఛుందో గిన్నెకు ఎండ కావాలి. మొక్కకు నీడ కావాలి. పెద్ద వయసు ఆడవారిని సౌరాష్ట్రంలో బా అంటారు. పందిరి నీడ ఎంత దూరం జరగవచ్చునో నిర్ణయించేది ఆ బాయే. ఎండ తిరిగినకొద్దీ గిన్నెలు తూర్పునుండి పడమటికి, కుండీలు పడమటినుండి తూర్పుకు జరుగుతవి. చదరంగంలో కూడ ఇంత కచ్చితమైన ఎత్తులు ఉండవు.

కుండీలన్నది మర్యాదకు అన్న మాట. నిజానికి వాటిలో చాలవరకు వేరుసెనగ నూనె డబ్బాలు. సౌరాష్ట్ర వేరుసెనగ దేశం. 15 కిలోల డబ్బా ధర పెరిగినదంటే గుజరాత్‌లో ప్రభుత్వాలు సైతం కలవరపడిన రోజులున్నవి. అటువంటి డబ్బా ఖాళీ ఐతే పారవేయడానికి ఏ గృహిణికీ మనసు రాదు. అడుగున నాలుగు బెజ్జాలు కొట్టి, పగిలిన పెంకులు పరచి, మట్టి నింపితే వంగమొక్కకు చాలిన ఇల్లు. మట్టి మాత్రం కొనాలి. 1972లో ఉకాయీ ఆనకట్ట పూర్తైన పిమ్మట నది ఒండ్రు పరచడం అరుదైనది; 2006 ఆగస్టులో వచ్చిన వరద నగరంలో చాలా భాగాన్ని ముంచి తెచ్చిన మట్టి ఎవరూ కోరినది కాదు. వరాఛా పొలాలలో ఊరకే ఉండిన సంపదను వరాఛా డాబా మీదికి నేడు సంచులలో మోసుకొని వస్తున్నారు.

నీటి విషయంలో ఈ సౌరాష్ట్రులను మించినవారు ఉండరు. కరువుసీమలో పుట్టినవాని చేతిలో చెంబు ఎన్నడూ పొర్లదు. బియ్యం, పప్పు కడిగిన నీరు కరివేపకు. (గుజరాతీలు కరివేపాకును మీఠో లీమ్‌డో, అంటే తీపి వేప అంటారు, పేరు పెట్టినవాని నాలుకను అభినందించాలి.) కాల్చని చిన్న మట్టికుండను మొక్క మొదట పూడ్చి నింపితే రెండు రోజులు తేమ నిలుస్తుందనుకొనేవారు పొరబడతారు; అది కరిగిపోతుంది. కాల్చినదై, మెరుపుపూత లేనిదై ఉండాలి. ఎండుగడ్డి, చెరకుపిప్పి మొదట కప్పుతారు. గుజరాత్‌లో మేడల పైకప్పు మీద తెల్లని పింగాణి పెంకులు అతికే ఆచారం ఉన్నది. అది ఎండను తిప్పికొట్టి ఇంటిని చల్లగా ఉంచుతుంది గాని, ఆ తిరిగిన ఎండ మొక్క ఆకు అడుగున తగులుతుంది. అందువల్ల తెలిసినవారు డబ్బాల క్రింద తడి గోనె పరుస్తారు.

సాయంకాలం సముద్రపు గాలి తిరుగుతుంది. పని దిగివచ్చినవారు పైకి వచ్చే వేళ అది. బీరపువ్వు విచ్చే వేళ కూడ అదే. నేతిబీర ఉదయం పూస్తుంది, బీర సాయంత్రం పూస్తుంది. ఈ భేదం తెలియనివాడు తీగ పెంచి ప్రయోజనం లేదు. ఎత్తైన మేడమీదికి తుమ్మెదలు అంతగా రావు. మగపువ్వును త్రుంచి, రేకులు వెనుకకు మడిచి, పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా అద్దాలి. పగలంతా రాతిని పట్టుకొన్న వ్రేళ్ళకు ఈ పని బాగా పట్టుబడుతుంది. మూడవనాటికి పిందె నిలిస్తే ఇల్లంతటికీ పండుగ. పసుపెక్కి రాలితే దానిని గురించి మాట్లాడరు. మొత్తం మీద వేసవి చివర దొరికే కాయలు నాలుగో ఐదో. ప్రక్కింటికి పంపడానికి అవి చాలు, కూరకు చాలవు. అందువల్ల ప్రక్కింటికే పోతవి.

వాన ఎప్పుడు వస్తుందన్నది ఈ రోజులలో ముఖ్యమైన చర్చ. ఫాల్గుణంలో హోలీ మంట ఏ దిక్కుకు వాలినది, అక్షయతృతీయనాడు తెల్లవారుజామున గాలి ఎటు వీచినది అన్నవి ఇప్పుడు జ్ఞాపకానికి తెస్తారు. భడ్లీ పేర ప్రచారంలో ఉన్న వాతావరణపు సామెతలను వృద్ధులు వల్లిస్తారు. ఉత్తర హిందూస్థానంలో ఘాఘ్, భడ్డరీల మాటలవంటివే ఇవి. తీతువు పిట్ట గుడ్లు మెరకన పెట్టినదా పల్లాన పెట్టినదా అని విచారిస్తారు. మెరకన పెడితే వాన గట్టిదని నమ్మకం. పిట్టకు ఏమి తెలుసునని కుర్రవారు నవ్వి ప్రభుత్వ వాతావరణ శాఖ మాట చెపుతారు. ఏది నిజమైనా, రెండింటికీ చెవి ఒగ్గి, మబ్బు కనబడేదాకా విత్తు వేయనివాడే గెలుస్తాడు. దక్షిణ గుజరాత్‌కు నైరృతి ఋతుపవనం మామూలుగా జూన్ నడుమ చేరుతుంది. మన మృగశిర కార్తెకు కొంచెం వెనుకగా అన్నమాట.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి మనకు నిర్జలైకాదశి. వారికి భీమ్ అగియారస్. సౌరాష్ట్ర రైతుకు ఇది విత్తనాల పండుగ. పెండ్లియైన కూతుండ్లను పిలిచి మామిడిపండ్లతో విందు చేస్తారు. జూనాగఢ్ సీమలో పండే ఆ పండుకు 1934లో అక్కడి నవాబు కేసర్, అంటే కుంకుమపువ్వు అని పేరు పెట్టాడట; గుజ్జు రంగు చూస్తే ఆ పేరు సార్థకమనిపిస్తుంది. రసం తీసి, నేయి, సొంఠిపొడి వేసి, పూరీలతో తింటారు. ఆర్ద్ర కార్తె ప్రవేశించిన తర్వాత మామిడి ముట్టరాదని నియమం గనుక ఈ పదిరోజులూ పట్టుదలతో తింటారు. టెంకలు పారవేయరు. కొన్నిటి పప్పు ఎండి, భోజనానంతరం నమలే ముఖవాసం అవుతుంది. కొన్ని పిల్లల చేతిమీదుగా డబ్బాలలోకి పోతవి. టెంక మొలక తల్లిచెట్టు పండునే ఇవ్వదనీ, ఈ డబ్బాలో అది చెట్టే కాదనీ పెద్దలకు తెలుసు; ఐనా పెకలించరు. వాన పడగానే రాగిరంగు లేత ఆకులతో అది లేచినప్పుడు పిల్లలకు కలిగే ఆనందానికి పండుతో పని లేదు.

నాలుగు రోజులు పోతే పున్నమి. ఆనాడు మనకు ఏరువాక. కాడి పూజించి కొండ్ర వేసే రోజు. గుజరాత్ స్త్రీలకు అదే రోజు వటసావిత్రి. మఱ్ఱిచెట్టుకు దారం చుట్టి ప్రదక్షిణం చేస్తారు. ఫూల్‌పాడా, వరాఛాల చెంత అశ్వినీకుమార్ ఘట్టంలో మూడాకుల మఱ్ఱి అనే చెట్టు ఒకటి ఉన్నది. కర్ణుని దహనం అక్కడే జరిగినదనీ, అందుకే దానికి మూడే ఆకులనీ స్థానికుల విశ్వాసం. దానముగా అన్నీ ఇచ్చినవానికి చెట్టు కూడ పొదుపుగా మొలిచినదేమో. మేడలలో ఉండేవారికి మఱ్ఱి దూరమైతే కొమ్మ తెప్పించి కుండీలో నిలిపి పూజిస్తారు. కొమ్మను నరకడం కంటె కుండీలో మఱ్ఱిమొక్క పెంచడం మేలు గదా అని మొక్కలవారు ఏటేటా గొణుగుతారు.

ఈ వేడుకల నడుమ అసలు పరీక్ష విత్తనాలది. బూడిద కలిపి గుడ్డలో మూటకట్టి దాచిన పాపడీ గింజలను ఈ రోజులలోనే విప్పి, పుచ్చినవి ఏరి, మంచివి ఎంచుతారు. చిక్కుడుపువ్వు చాలవరకు తనలో తానే ఫలదీకరణం పొందుతుంది. అందుచేత ఇంటిలో దాచిన గింజ తరతరాలకు అదే రుచి ఇస్తుంది. సొరకు, బీరకు ఈ నమ్మకం లేదు. ప్రక్క డాబా తీగతో కలిసి మరొకటి కావచ్చు. సంకరజాతి విత్తు సంగతి వేరే. దాని గింజ మరుసటి ఏడు మాట తప్పుతుంది. ప్రపంచంలో తొలిసారిగా వాణిజ్యస్థాయిలో సాగైన సంకర పత్తి 1970లో ఈ సూరత్ పరిశోధన క్షేత్రంనుండే, డాక్టర్ సి. టి. పటేల్ కృషివల్ల వెలువడినది. దానివల్ల రైతుకు కలిగిన లాభాన్ని కాదనలేము. కాని ఏటేటా పొట్లం కొనే అలవాటు పత్తిచేనితో ఆగలేదు, డాబా మీదికీ వచ్చినది. పొట్లంలో వచ్చే చిక్కుడు త్వరగా కాస్తుంది, కాయ పొడుగు. రుచి పలుచన అని పాతవారి ఫిర్యాదు. కతార్‌గామ్ పొలాలు ఇండ్లైపోయిన ఈ రోజులలో ఆ పాతవారి ఫిర్యాదును ముసలితనపు చాదస్తమని త్రోసివేయరాదు. పొలం పోయిన తర్వాత రకం నిలవడానికి మూటలే ఆధారం. ఒక ఇంటిలో బా కన్నుమూసి, మూటలోది ఏ గింజో చెప్పేవారు లేకపోతే, ఒక రకం అంతటితో సరి.

ఈ మూటలు ఇండ్లు మారుతవి. సూరతీ ఇంటి పాపడీ సౌరాష్ట్ర ఇంటికి వచ్చినది. సౌరాష్ట్ర వంకాయ సూరతీ ఇంటికి పోయినది. సూరత్‌లో మనవారు కూడ ఉన్నారు. తెలంగాణనుండి మగ్గాలపనికి వచ్చిన పద్మశాలీలు లింబాయత్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డారు. తెలుగువానికి గోంగూర, మహారాష్ట్రునికి అంబాడీ, పేరు ఏదైనా ఆ పుల్లని ఆకు ఇదే వానలకు మొలుస్తుంది.

పెండలం దుంపలు, పసుపు, మామిడి అల్లం కొమ్ములు వానకు ముందే మట్టిలోకి పోతవి. వాటికి తొందర లేదు, శీతకాలంవరకు గడువున్నది. పాపడీ గింజ మాత్రం మొదటి వాన ఇంకి, రెండవ వాన పడేవరకు ఆగాలి. మొదటి వాననాడు డాబాలన్నిటి మీద ఒకటే కోలాహలం. ఛుందో గిన్నెలు, అప్పడాల చాపలు, గోధుమలు లోపలికి పరుగెత్తుతవి. నీడలో ఉన్న డబ్బాలు వానలోకి జరుగుతవి. తెల్ల పెంకుల మీదినుండి ఆవిరి లేస్తుంది. బా పిట్టగోడ ప్రక్క డబ్బాలో వ్రేలు గుచ్చి, తడి ఎంతవరకు దిగినదో చూచి, ఇంకా చాలదని చెప్పి, గింజల మూట మళ్ళీ ముడివేస్తుంది.